కంకర కడిగిన సారు

నేను ముప్పై ఏళ్ళకు పైగా చేపల శాఖలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నందికొండ చేపపిల్లల కేంద్రంలోనే గడిచింది. చేపగుడ్డు పగలడం దగ్గర్నుంచి, పిల్లను సంచిలో కట్టి చెరువుకు పంపేదాకా అన్నీ కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. ఆ మాట అందరికీ నేనే చెప్పుకునేవాణ్ణి కూడా. శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సక్సెస్ ఏదన్నా చెప్పండి" అని అడుగుతుంటారు. సక్సెస్‌లన్నీ ఆఫీసు గోడ మీద ఫొటోల్లో ఉన్నాయి, దండలతో సహా. వెళ్ళి చూసుకోండి. నేను మాత్రం ఒక గోలెం, అదే నీళ్ళ తొట్టి, దాని సంగతి చెప్తాను. అందులో చేపలు చచ్చిపోయాయి. చంపింది నేనే.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా నన్ను కొల్లాపూర్ వైపు వేశారు. అప్పుడే కొత్త జిల్లాలు వచ్చాయి. కొత్త ఆఫీసులు వచ్చాయి, బోర్డులు వచ్చాయి, కుర్చీలు మాత్రం ఇంకా రాలేదు. ఆ రోజుల్లో మా పెద్ద సారు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఎవరో పెరట్లో తొట్టి కట్టి చేపలు పెంచుతూ, ఆ నీళ్ళతోనే మట్టి లేకుండా ఆకుకూరలు పండిస్తున్నారు. దాన్ని ఆక్వాపోనిక్స్ అంటారట. మర్నాడు మీటింగులో ఆ వీడియో మా అందరికీ చూపించి, "మన దగ్గర కూడా ఒకటి పెడదాం. సీనియర్ మీరే కదా, మీరు చూసుకోండి. పెట్టిన మూడు నెలలకు నేనొచ్చి చూస్తాను" అన్నారు నాతో. వీడియో నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాలే నాకున్న శిక్షణ.

పైకి చూస్తే సంగతి సులభమే. కింద చేపల గోలెం, పైన కంకర నింపిన మడి. చిన్న మోటారు చేపల నీళ్ళను మడిలోకి ఎత్తి పోస్తుంది. చేపల మలినం మొక్కలకు బలం అవుతుంది. తేటపడ్డ నీళ్ళు మళ్ళీ గోలెంలో పడతాయి. కానీ ఇందులో చేపలు మా శాఖవి, మొక్కలు ఉద్యానశాఖవి. పక్క గదిలో ఉద్యాన అధికారి ఉండేది. నా కూతురు వయసు పిల్ల. అయినా ఆఫీసు మర్యాద కొద్దీ నేనూ మేడం అనేవాణ్ణి. నేను ఆక్సిజన్ అంటే ఆమె పొటాష్ అనేది. ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేది కాదు.

"సర్, కంకర ఎవరి కిందికొస్తది?" అని అడిగింది ఒకరోజు.

"నీళ్ళల్ల ఉంటది గద మేడం. మాదే."

"వేర్లు దాంట్లనే ఉంటయి సర్. మాదేమో."

నవ్వకండి. ఆ కంకర ఎవరిదో తేలక ఫైలు రెండు గదుల మధ్య పదిహేను రోజులు తిరిగింది. చివరికి ఇద్దరం కలిసి సంతకం పెట్టాం. ఆ తర్వాత ఆ పిల్లతో నాకు మంచి స్నేహం కుదిరింది.

ఇక జాగా కావాలి. దగ్గర్లో ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టి చెప్పాం. సగం మంది "ఏమిస్తరు?" అని అడిగి లేచిపోయారు. మిగతా సగం ఎందుకు కూర్చున్నారో వాళ్ళకూ తెలియదు. అందరూ పోయాక ఒకామె కట్టె పట్టుకుని మెల్లగా లేచి మా దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. గొర్రెల మంద ఉన్న ఇల్లు. పెళ్ళైన దగ్గర్నుంచి మంద వెనక నడిచిన మనిషి. కిందటేడు గుట్టలో రాయి మీద జారిపడి తొడ ఎముక విరిగితే దవాఖానలో రాడ్ వేశారు. ఇక మంద వెంట నడవొద్దన్నారు.

"సారూ, గా చేపలను కూసోని కాయొచ్చా?" అని అడిగింది.

కాయడం అన్న మాట చేపలకు వాడగా నేను ఎప్పుడూ వినలేదు. కాయొచ్చమ్మా అన్నాను.

"అయితే నాకియ్యున్రి. ఇంట్ల కూసుంటె కోడలు కంచంల అన్నం పెట్టిస్తది. మంచిదే, ఏమనది. కాని పని చెయ్యకుండ తినుడు నాకొస్తలేదు సారూ. బుక్క గొంతుల దిగుతలేదు."

ఆ మాట విన్నాక వేరే ఎవరినీ వెతకాలనిపించలేదు. కానీ పెరడు ఆమె ఒక్కదానిదే కాదు కదా. ఆమె భర్త వచ్చి నిలబడ్డాడు. కోపిష్టి కాదు, లెక్క ప్రకారం మాట్లాడే మనిషి. "గా పెరడు గొర్రెపిల్లల దొడ్డి సారూ. సలికాలం గొర్లు ఈనుతయ్. అప్పటి దాంక ఉండనిస్త. మంచిగ నడిస్తె పిల్లలకు ఇంకో జాగా సూస్కుంట. నడవకుంటె మాత్రం పీకేస్త. మళ్ళ నన్ననొద్దు" అన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను ఛాతీ ముందుకు పెట్టి, "ముప్పై ఏండ్ల సంది చేపలల్లనే ఉన్న. నాది పూచీ" అన్నాను.

బావికి వేసే సిమెంటు వరలు రెండు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి, అడుగు పోసి గోలెం చేశాం. కొత్త సిమెంటు సున్నం చేపలకు పడదని నీళ్ళు నింపి పారబోయడానికే వారం పట్టింది. పైన ఇనుప స్టాండు మీద కంకర మడి. అసలు తిప్పలు పైపు దగ్గర వచ్చింది. మడిలో నీళ్ళు ఒక మట్టానికి రాగానే వాటంతటవే ఒక్కసారిగా గోలెంలోకి దిగిపోవాలి, వేర్లకు గాలి తగలాలి. నేను పెట్టిన పైపులోంచి నీళ్ళు దిగితే ఆగేవి కాదు, ఆగితే దిగేవి కాదు. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టాను. ఐదో రోజు మేడం తాగేసిన నీళ్ళ సీసా అడుగు కోసి ఆ పైపు మీద బోర్లించింది. నీళ్ళు గుడగుడమని దిగిపోయాయి.

"గోలెం తేన్చింది" అంది ఆ ఇంటామె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. ఆ పూట నుంచి మా రిపోర్టుల్లో తప్ప అంతటా దాన్ని తేన్పు అనే పిలిచాం.

చేపలు వేసే ముందు లబ్ధిదారుకు అవగాహన కల్పించాలని నిబంధన. నేను బొగ్గుముక్కతో గోడ మీద బొమ్మ గీసి అమ్మోనియా, సూక్ష్మజీవులు, నైట్రేటు అంటూ అరగంట చెప్పాను. వీడియోలో విన్నదే మళ్ళీ అప్పజెప్పాను. నిజానికి ఆ మధ్యలో ఉండే సూక్ష్మజీవుల సంగతి నాకూ సరిగ్గా ఎక్కలేదు. ఆమె అంతా విని, "మంద కట్టినట్టె గద సారూ?" అంది.

ఆ వైపు ఊళ్ళలో పంట లేని రోజుల్లో రైతులు గొర్రెల మందను పిలిచి చేలో కట్టించుకుంటారు. రాత్రంతా మంద అక్కడే ఉంటుంది. అవి వేసిన పెంటతో భూమికి బలం వస్తుంది. తెల్లారి పక్క చేనుకు మారుస్తారు. ఆమె పుట్టినప్పటి నుంచి చూసిన పని అది. "గొర్లు కింద గోలెంల ఉన్నయ్, చేను పైన ఉన్నది. గంతేనా?" అంది. అంతేనమ్మా అన్నాను. నా అరగంట ఉపన్యాసం ఆమె ఒక్క మాటలో తేల్చేసినందుకు మేడం చాటుగా నవ్వింది. నాకు కొంచెం మండింది.

అరవై తిలాపియా పిల్లలను వదిలాం. మన దగ్గర జిలేబి చేపలంటారు, మొండివి, కొత్తవాళ్ళ చేతిలో కూడా బతుకుతాయని పేరు. మడిలో పుంటికూర, అదే గోంగూర, పాలకూర, కొత్తిమీర వేశాం. మొదటి నెల కూర పసుపుగా, నీరసంగా ఉంది. రెండో నెలలో కంకర మీద గోధుమరంగు జిగట ఒకటి పట్టింది. అది పట్టినప్పటి నుంచి పుంటికూర మోకాలెత్తు లేచింది. ఆమె పొద్దున్నే గోలెం పక్కన వేయించుకున్న మంచె మీద కాలు చాపుకుని కూర్చుని, గొర్రెలను పిలిచినట్టు నాలుకతో టిర్రుమనేది. చేపలు నిజంగానే పైకి వచ్చేవి. చేపకు అలాంటి చప్పుళ్ళు తెలియవని నేను వాదించాను. చేపలు నా మాట వినలేదు. కోడలు వచ్చి కూర కోసుకుపోతుంటే, "వేర్లు కదలొద్దు, పైకెల్లి తెంపు" అని ఆమె అధికారం చేసేది. ఆ గొంతులో వచ్చిన బలం చూసి నాకు ఎంత సంతోషమనిపించేదో.

చేపలు వదిలి మూడు నెలలు నిండాయి. శుక్రవారం పెద్ద సారు వస్తున్నారని మంగళవారం కబురు వచ్చింది.

పెద్ద సారు వస్తున్నారంటే మన ఊళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. దారులు ఊడుస్తారు. దారికి రెండు వైపులా బ్లీచింగ్ పొడితో తెల్లగా గీతలు పోస్తారు. ఆ గీతలు పోస్తున్న పంచాయతీ మనిషి దగ్గర నేను సగం సంచి పొడి అడిగి తెచ్చుకున్నాను. మేడం ఆ వారం శిక్షణకని ఊళ్ళో లేదు. బుధవారం నేను పెరట్లోకి వెళ్ళి కంకర చూశాను. జిగటగా, మురికిగా, ముక్కుకు అదో రకం వాసన. నందికొండలో మేం ప్రతి తొట్టినీ బ్రష్షుతో, బ్లీచింగుతో తోమి ఎండబెట్టేవాళ్ళం. శుభ్రత అంటే నాకు ప్రాణం. తొట్టి తోమనందుకు ఎంతమంది చేత సంజాయిషీలు రాయించానో లెక్కలేదు.

"కంకరంత తీసి కడుగాలమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎందుకు సారూ? సేన్ల పడ్డ పెంటను ఊడ్సి అవుతల పారబోస్తమా ఎవలన్న?"

"గది చేను, ఇది చేపల తొట్టి. నాకు చెప్పకు. ముప్పై ఏండ్ల సర్వీసు నాది."

నేను ప్యాంటు మడిచి, బాల్చీ ముందు గొంతుకూర్చుని నా చేతులతోనే కడిగాను. ఆమె, కోడలు అందించారు. పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి, తోమి, నాలుగు నీళ్ళు జాడించి, మధ్యాహ్నం ఎండలో ఆరబోశాం. సాయంత్రానికి మళ్ళీ నింపి మొక్కలు పాతిపెట్టాం. కంకర తెల్లగా మెరిసింది. చేపలు చురుగ్గా కనిపించాలని మేత రెండింతలు వేయమని కూడా చెప్పి, ఈల వేసుకుంటూ వచ్చాను.

శుక్రవారం తెల్లవారుతుండగానే ఫోను. "సారూ, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. కొన్ని పక్కకు ఒరిగినయ్. జెల్ది రాన్రి." బండి మీద ఎలా వెళ్ళానో నాకే గుర్తులేదు. నేను చేరేసరికి ఆమె కుంటుకుంటూనే గొర్రెల నీళ్ళ తొట్టిలో బోరు నీళ్ళు నింపి, బతికున్న చేపలను జల్లెడతో ఎత్తి అందులో వేసింది. చచ్చినవి గంపలో ఉన్నాయి. నేను గోలెం నీళ్ళు సీసాలో పట్టి మందు చుక్కలు వేశాను. పసుపు రంగు ఉండాల్సింది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. అమ్మోనియా. అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆ జిగటే సూక్ష్మజీవులు. చేపల విషాన్ని మొక్కల మేతగా మార్చేది అవే. మూడు నెలలు కష్టపడి ఇల్లు కట్టుకున్న వాటిని నేను బ్రష్షు పెట్టి తోమి పారేశాను. ముప్పై ఏళ్ళ అనుభవం లేకపోతే అంత శుభ్రంగా కడగడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

అరవైలో ముప్పై ఎనిమిది పోయాయి. నేను గోలెం అంచు మీద కూలబడ్డాను. ఆమె దొడ్డి మూలకు వెళ్ళి, తడి గోనెసంచి తొలగించి, రెండు గంపలు చూపించింది. వాటి నిండా కంకర. గోధుమరంగు, జిగట, అదే వాసన.

"కోపం చెయ్యకున్రి సారూ. మీరు కడుగుతుంటె రెండు గంపలు పక్కకు పెట్టిన. గోలెం నీళ్ళే సల్లుకుంట ఉంచిన."

"ఎందుకు పెట్టినవు?" అన్నాను.

"పెరుగు కుండ ఎంత తోమినా చేమిరి ఉంచుకుంటం గద. లేకుంటె రేపు పాలు దేనితోని తోడేస్తం?"

నాకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కునే నెపంతో బోరు దగ్గరికి వెళ్ళాను. తర్వాత ఇద్దరం కలిసి గోలెం నీళ్ళు మార్చి, ఆ రెండు గంపల కంకర మడిలో కలిపాం. చేపలను మాత్రం తొట్టిలోనే ఉంచాం.

ఇంతలో మా ఆఫీసు డ్రైవరు, శిక్షణ నుంచి అప్పుడే తిరిగొచ్చిన మేడంను ఎక్కించుకుని జీపులో వచ్చాడు. పెద్ద సారు ఇంకో రెండు గంటల్లో వస్తారు. డ్రైవరు గంపను చూసి, గోలెంను చూసి, ఒక్క క్షణంలో దారి చెప్పాడు. "సార్, కొల్లాపూర్ల చేపలాయన దగ్గర బతికున్నయ్ దొరుకుతయ్. నలభై తెచ్చి ఏసేస్త. ఫొటోల ఎవనికి తెలుస్తది?" మీతో అబద్ధం చెప్పను. నేను సరేనన్నాను. తాళం చెవి కూడా అందుకున్నాడు.

ఆమె కట్టె అడ్డం పెట్టింది. "వద్దు సారూ. పక్కోని గొర్లను తెచ్చి నా మందల కలిపి నావే అని సూపెడ్తె నేనెట్ల కాపరినైత? సచ్చినయ్ సచ్చినయ్. ఉన్నయ్ ఉన్నయ్."

ఆమె భర్త దొడ్డి వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన చేతిలో పలుగు ఉంది. గొర్రెలు ఈనడానికి ఇంకో పదిహేను రోజులే ఉంది.

పెద్ద సారు వచ్చారు. చేపల్లేని గోలెం, గంపలో చచ్చిన చేపలు, తెల్లటి కంకర చూశారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ రోజు ఇంకా నాలుగు ఊళ్ళు చూడాల్సి ఉంది, అంతే. "సరే, ఇక్కడ కుదరలేదు. సామాను తీసి రోడ్డు పక్కన ఉండే చదువుకున్న వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఇద్దాం. మీరు రిపోర్టు రాసివ్వండి" అని నా చేతికి ఫారం ఇచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఆ ఫారంలో 'వైఫల్యానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలో మా శాఖలో అందరికీ నోటికి వచ్చు. 'లబ్ధిదారుకు అవగాహనా లోపం.' చెరువు తెగినా, పిల్లలు సంచిలోనే చచ్చినా అదే మాట. నేనే ఎన్నిసార్లు రాశానో. పెన్ను కూడా దానంతటదే 'ల' మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే ఆమె గొర్రెల తొట్టి దగ్గర నేల మీద కూర్చుని, మిగిలిన చేపలను మెల్లగా లెక్కపెడుతోంది. ఆ ఒక్క ముక్క రాస్తే ఆమె మళ్ళీ గోడ పక్కన కూర్చుని, దిగని బుక్క మింగాలి. రాయకపోతే రిటైర్మెంటు ముంగిట్లో నాకు మెమో రావచ్చు. భయం వేసింది. నిజం చెప్పాలంటే చాలా భయం వేసింది.

'ల' కొట్టేశాను. 'తప్పుడు సాంకేతిక సలహా. సలహా ఇచ్చినది నేనే. లబ్ధిదారు వద్దన్నా వినలేదు. మిగిలిన చేపలను కాపాడినది లబ్ధిదారే' అని రాసి సంతకం పెట్టాను.

పెద్ద సారు దాన్ని రెండుసార్లు చదివారు, రెండోసారి పైకే. "ఇన్నేళ్ళ సర్వీసులో మీరు నేర్చుకున్నదేంటండీ?" అన్నారు.

"కడగడం సార్" అన్నాను.

మేడం దగ్గు వచ్చినట్టు నటించింది. పెద్ద సారు కాసేపు బిగబట్టి, చివరికి ఆయనా నవ్వేశారు. ఆ తర్వాత కుర్చీ జరుపుకుని ఆమె దగ్గర కూర్చుని గంపల సంగతి అంతా అడిగి తెలుసుకున్నారు. మెమో మాత్రం వచ్చింది. నవ్వు వేరు, మెమో వేరు.

సామాను తీయాలా ఉంచాలా అన్నది తేలక అందరం ఆమె భర్త వైపు చూశాం. ఆయన పలుగు గోడకు ఆనించాడు. "తప్పు నాదని సారే రాసిచ్చె. ఇగ ఆమెనెట్లంటం? ఉండనియ్యున్రి. పిల్లలకు ముందట పందిరేస్త" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇరవై రెండు" అని చేపల లెక్క చెప్పింది.

నా పదవీ విరమణ సభలో చాలా మంది చాలా గొప్పగా మాట్లాడారు. ఆ తర్వాత ఇంట్లో పేపరు చదవడం, చదివిన పేపరు మడవడం తప్ప పని లేదు. నెల తిరగకుండానే అన్నం దగ్గర కూర్చుంటే నాకూ బుక్క దిగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా దిగలేదు. ఆమె చెప్పిన మాట ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మర్నాడు బస్సెక్కి ఆ ఊరికి పోయాను.

పెరట్లో ఇప్పుడు మూడు గోలాలున్నాయి. మడులు కనిపించకుండా పుంటికూర కమ్ముకుంది. పక్క ఊరి నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు ఒక్కొక్క గిన్నెలో తడి కంకర పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ఇళ్ళలో మొదలుపెట్టడానికి ఆమె ఇస్తున్న చేమిరి అది. నన్ను చూసి, "వచ్చిన్రా సారూ, కూసోన్రి. నాకు జర తీరిక లేదు" అంది. గోలెం తర్వాత గోలెం చూసుకుంటూ కట్టె ఊతగా తిరుగుతూనే ఉంది.

సిగ్గు విడిచి అడిగాను. "నాకేమన్న పనుంటె చెప్పమ్మా. ఇంట్ల పొద్దు పోతలేదు."

ఆమె ఆగి నన్ను బాగా చూసింది. ఆడవాళ్ళ ముందు నన్ను తక్కువ చేయకూడదనుకుందో ఏమో, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"రోజు రాన్రి సారూ. గీ మంచె మీద కూసోని చేపలను కాయున్రి. కాని ఏం ముట్టకున్రి."

నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మంచె మీద కూర్చున్నాను.